ఇంకెక్కడ చూపియ్యాలె?

టీచర్: కోపం తెచ్చుకోనంటే ఒక మాట అంటానన్నా. ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే మా భవిత కేంద్రానికి పిల్లలు వచ్చేసరికే వాళ్లకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో నిండిపోతున్నాయి. ఇన్నాళ్లూ ఎక్కడున్నారని అడిగితే తల్లిదండ్రులు ఒక లావుపాటి ఫైలు తీసి ముందు పెడతారు. సూర్యాపేట చీటీలు, ఖమ్మం చీటీలు, విజయవాడలో తీయించిన స్కానింగు, హైదరాబాద్ రిపోర్టులు. అంతా పిల్లాడి మెదడు గురించే. గ్లాసు పట్టుకోవడం ఎవరైనా నేర్పారా, దొడ్డికి వస్తే చెప్పడం నేర్పారా అంటే ఆ ఫైల్లో ఒక్క ముక్క ఉండదు. నేర్చుకోవడానికి అన్నిటికన్నా అనువైన ఏళ్లు బస్సుల్లోనే అయిపోతున్నాయి.

తండ్రి: బస్సులెక్కక ఏం జేయాలె మేడం? పుట్టంగనే మా పిల్లగాడు ఏడ్వలేదు. ఏదో చేసిండ్రు, కొంచెం సేపటికి ఏడ్చిండు, ఇంటికి తెచ్చుకున్నం. మెడ నిలవకపోతే మా అమ్మ "నిలుస్తది తియ్" అన్నది. నడక రాకపోతే "మొగపిల్లలకు లేటే" అన్నరు. మాటలు రాకపోతే "వాళ్ల నాయినకు సుత నాలుగేండ్లకు గాని రాలే" అని నన్నే జూపెట్టిండ్రు. ఇగ నేనేమంట? ఊర్ల ఆర్‌ఎంపీ ఒక టానిక్ రాసిచ్చిండు. టౌన్ల పిల్లల డాక్టరు ఇంకో టానిక్ రాసిండు, బుర్ర ఎదుగుతదని. ఇది మందుతోటి పొయ్యేది కాదు, నేర్పుకుంట పోవాలె అని నా మొకం మీద చెప్పినోడు ఒక్కడు లేడు. చెప్పినోడు లేనప్పుడు ఇంకో డాక్టరు, ఇంకో ఊరు. గంతే కదా.

టీచర్: ఆ తర్వాత గుళ్లు.

తండ్రి: అవు, గుళ్లు. మట్టపల్లికి పోయినం. కృష్ణల మునిగి నర్సింహస్వామి గుడి చుట్టు పదకొండు రోజులు తిరిగినం. జాన్‌పాడ్ దర్గాకు పోయినం. చెర్వుగట్టు మీద అమాస రాత్రి పండుకున్నం. మీకు లోపల నవ్వొస్తుండొచ్చు. కాని ఒకటి చెప్త ఇనుండ్రి. దవాఖానల పొద్దంత కూసుంటే మా వంతుకు దొరికింది రెండు నిమిషాలు. పిల్లగాడు అరిస్తే బయటకు తీస్కపొమ్మన్నరు. మట్టపల్లిల వాడు అరిసినా, చొల్లు కార్చినా, ఎందుకు తెచ్చిండ్రని అన్నోడు లేడు. పక్కపొంటి తిరిగేటోళ్లే వాడి చెయ్యి వట్టుకొని నాలుగు సుట్లు తిప్పిండ్రు. ఆ పదకొండు రోజులు నా భార్య కడుపునిండ నిద్రవోయింది. అది మీ లెక్కల ఖర్చు కిందికొస్తదా?

టీచర్: నవ్వు రాలేదు. జాన్‌పాడ్‌కు మొక్కుకుంటే పుట్టారని సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకున్నవాళ్లు మన పక్క ఏ ఊళ్లో లేరు? హిందువులే ఎక్కువ. నిద్ర సంగతి మీరు చెప్పాక కాదనలేను, ఆ తల్లికి ఇంకెవరూ ఇవ్వలేనిది అక్కడ దొరికింది. నా తగువు దేవుడితో కాదు. "నయమైపోతుంది" అనే మాటతో. టానిక్ రాసినాయనా అదే ఆశ పెడుతున్నాడు, తాయెత్తు కట్టినాయనా అదే పెడుతున్నాడు. ఆ ఆశ ఉన్నన్నాళ్లూ నేర్పడం మొదలు కాదు. రేపు బాగైపోయే పిల్లాడికి ఇవాళ గుండీ పెట్టుకోవడం ఎందుకు నేర్పుతారు?

తండ్రి: మరి డాక్టరుతోటి పనే లేదంటరా?

టీచర్: అలా అనను, అక్కడే చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. డాక్టరు బాగు చేయగలిగినవి ఉన్నాయి. పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని బిడ్డకు మొదటి వారాల్లోనే మడమ నుంచి ఒక రక్తపు చుక్క తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. రోజుకో చిన్న మాత్రతో ఆ మెదడు నిలబడుతుంది. ఏడాది దాటాక తెలిస్తే అప్పటికే పోయింది తిరిగి రాదు. ఫిట్స్ వస్తున్న పిల్లాడికి మందు ఆపకూడదు. చెవులు వినపడని పిల్లను మందబుద్ధి అని పక్కన కూర్చోబెట్టిన ఇళ్లున్నాయి, ముందు వినికిడి పరీక్ష చేయించాలి. పచ్చకామెర్లు ముదిరినప్పుడు, మెదడువాపు వచ్చినప్పుడు గంటలు లెక్క. ఇవన్నీ అయ్యాక మిగిలేదే బుద్ధిమాంద్యం. దానికి మాత్రం సీసాలో మందు లేదు.

తండ్రి: ఇన్ని మీకు తెలుసు మేడం, చదువుకున్నరు. ఏది మందుతోటి పోతది, ఏది పోదు అని పత్తి చేన్ల పనిచేసే మనిషి ఎట్ల ఏరుకోవాలె? ఏరుకునేదాంక తిరుగుడే. తిరిగినోణ్ణి తప్పు పట్టుడు అల్కగనే ఉంటది. నేను తిరక్కపోతే రేపు మీరే అంటరు, "అప్పుడే చూపిస్తే బాగుండేది" అని.

టీచర్: ...అంటాం. నిజమే. రెండు వైపులా తప్పు మీదే అవుతుంది. కానీ ఏరి చెప్పే మనుషులు అసలు లేరనకండి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. దాని వ్యాన్‌లో డాక్టర్లు అంగన్‌వాడీకి, బడికి వచ్చి పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా చూస్తారు. అనుమానముంటే జిల్లా కేంద్రంలో తొలిదశలోనే గుర్తించి సాయం చేసే సెంటర్‌కు రాసిస్తారు.

తండ్రి: రాసిస్తరు. ఆ చీటీ పట్టుకొని పోవుడు ఎవరు మేడం? పిల్లగాణ్ణి ఎత్తుకోను ఒకరు, లైన్ల నిలవడను ఒకరు. ఇద్దరి కూలి పోతది. నాట్ల దినాలల్ల ఒక్క రోజు మానితే ముఠాల మళ్ల పిలువరు. మాది కోదాడ దిక్కు, సూర్యాపేటకు పోవాలె. మిర్యాలగూడల ఉన్న మా బామ్మర్ది బిడ్డకు సుత ఇట్లనే ఉన్నది, వాళ్లు నల్లగొండకు పోవాలె. 2016ల జిల్లాలు చేసేదాంక మేం సుత నల్లగొండకే పోయేటోళ్లం, అది ఇంకా దూరం. పోయినంక "డాక్టరు లీవుల ఉన్నడు, వచ్చే వారం రండి" అంటరు. మట్టపల్లి నర్సింహస్వామి లీవు పెట్టడు.

టీచర్: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు, ముందుకు పోదాం. వైకల్య సర్టిఫికెట్ అయితే చేయించారుగా?

తండ్రి: చేయించినం. మీసేవల స్లాట్ బుక్ చేసి సదరం క్యాంపుకు పోయినం. ఒకాయన నా భార్యను అడిగిండు. "అంగీ గుండీలు పెట్టుకుంటడా? తనంతట తాను తింటడా? కొట్టుకు పంపితే సామాను తెస్తడా?" పది నిమిషాలు పట్టలే. డెబ్బై అయిదు శాతం అని రాసిచ్చిండ్రు. మనిషిని తూకమేసినట్టు.

టీచర్: ఆ డెబ్బై అయిదు ఆయన నోటికి వచ్చింది కాదన్నా. ఆ ప్రశ్నలను సామాజిక పరిపక్వత పరీక్ష అంటారు. వచ్చిన మార్కు 55 నుంచి 69 అయితే తక్కువ తీవ్రత, వైకల్యం 50 శాతం. 36 నుంచి 54 అయితే మధ్యరకం, 75 శాతం. 21 నుంచి 35 అయితే 90. ఇరవై, అంతకన్నా తక్కువైతే వంద. దేశమంతా అదే పట్టిక. ఆ కాగితంతో పింఛను వస్తుంది, బస్సు పాసు వస్తుంది, నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. అందులో థెరపీ ఖర్చు కూడా ఉంది. దాన్ని మీరెవరూ వాడుకోరు.

తండ్రి: నిరామయ అన్న మాట ఇయ్యాలనే ఇంటున్న. పింఛను సంగతి మాత్రం ఊరందరికీ తెలుసు. 2014ల పదిహేను వందలు, తర్వాత మూడు వేల పదహారు, 2023ల నాలుగు వేల పదహారు చేసిండ్రు. ఎలక్షన్లల్ల ఆరు వేలన్నరు. అబద్ధమెందుకు, ఆ పైసలు మాకు పెద్ద ఆసరా, కాదన. కాని సర్కారుకు మా పిల్లగాడు అంటే ఆ నాలుగు వేలే. శాతం రాసినంక ఏం నేర్పుతున్నరు, ఎట్లున్నడు అని ఒక్కడు అడగలె. ఇంకో ముచ్చట చెప్త, తప్పుగ అనుకోకుండ్రి. మీరు నేర్పి వాడికి కొన్ని పనులొస్తే మళ్ల పరీక్షల శాతం తగ్గుతదేమో, పింఛను పోతదేమో అని నా భార్యకు భయం.

టీచర్: ఆ భయం ఇంకొందరు తల్లులు కూడా నాతో చెప్పారు. పింఛనుకు నలభై శాతం దగ్గర గీత గీశాక అలాంటి భయం పుట్టకుండా ఎలా ఉంటుంది? నేర్చుకుంటే ఆదాయం పోతుందన్న అనుమానం బిడ్డను నేర్పించనివ్వదు. మీవాడి విషయంలో చెబుతున్నా, 75 శాతం పిల్లాడు అంగీ వేసుకోవడం నేర్చుకున్నంత మాత్రాన నలభై కిందికి పడిపోడు. ఆమెతో ఆ మాట నేనే చెబుతాను.

తండ్రి: చెప్పుండ్రి. కాని నేను ఇయ్యాల వచ్చింది దానికి కాదు. వాణ్ణి హైదరాబాద్‌ల హాస్టల్ ఉన్న స్పెషల్ స్కూల్ల వేద్దామనుకుంటున్న. మీరొక లెటర్ రాసియ్యాలె.

టీచర్: ఎందుకు?

తండ్రి: ఎందుకంటే అక్కడ మాటలు నేర్పేటోళ్లు వేరే, నడక నేర్పేటోళ్లు వేరే, పని నేర్పేటోళ్లు వేరే. ఇక్కడ మీరొక్కరే. మండలంల ఎన్ని ఊర్లు, ఎందరు పిల్లలు? ఫిజియోథెరపీ ఆయన వారానికొకసారి వస్తడు, అదీ వస్తే. మిమ్మల్ని ఒక్క మాట అంటలేను, మీరు చేసేదంత చేస్తరు. కాని నా కొడుక్కు వారంల మీ చేతి కింద దొరికేది ఎన్ని గంటలు? ఇంకోటి. మాది పనికిపోతేనే పొయ్యి వెలిగే ఇల్లు. సీజన్ల నేను మిర్యాలగూడ రైస్ మిల్లులకు హమాలీకి పోత. ఆమె తెల్లారితే నాట్లకు పోతది. వాడి దగ్గర ఎవరుండాలె? మా పెద్దబిడ్డ ఉంటున్నది. ఎనిమిదో తరగతి. వారంల మూడు రోజులు బడికి పోతది, మూడు రోజులు తమ్మునికి కాపలా. మీరు ఒక పిల్లగాని గురించి మాట్లాడుతున్నరు. నాకు ఇద్దరు పిల్లలు మేడం.

టీచర్: ఆ పిల్ల సంగతి నాకు తెలియదు.

తండ్రి: ఎట్ల తెలుస్తది? దాని మీద ఏ శాతం రాసి లేదు కదా.

టీచర్: సరే. ఆ మాట పక్కన పెట్టను, దానికే వస్తాను. ముందు హైదరాబాద్ గురించి. దేశం మొత్తానికి ఈ పిల్లల కోసం పెట్టిన జాతీయ సంస్థ మనకు బోయిన్‌పల్లిలోనే ఉంది. 1984లో పెట్టారు. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. మీవాళ్లు చాలామంది అది కూడా ఎర్రగడ్డ లాంటిదే అనుకుని వెళ్లరు. ఎర్రగడ్డ ఆసుపత్రి మానసిక రోగాలకు. ఇది వేరు, ఇక్కడ పిచ్చి లేదు, జబ్బు లేదు. వాళ్ల పద్ధతి చూడండి. దూరం నుంచి వచ్చిన కుటుంబాలు కొన్నాళ్లు ఉండటానికి కాటేజీలు పెట్టారు. ఎందుకు? పిల్లాణ్ణి వదిలి వెళ్లడానికి కాదు. తల్లికి నేర్పి, ఇంట్లో ఏం చేయాలో కాగితం మీద రాసిచ్చి, ఇద్దర్నీ ఊరికి పంపడానికి. అంత పెద్ద సంస్థే తల్లిని టీచర్ని చేసి పంపుతుంటే మీరు పిల్లాణ్ణి తల్లికి దూరం చేస్తానంటున్నారు.

తండ్రి: తల్లిని టీచర్ని చేసుడు బాగనే ఉన్నది. జీతం ఎవరిస్తరు?

టీచర్: ముందు పని ఎంతో చెబుతాను, జీతం సంగతి తర్వాత. అంగీ వేసుకోవడం తీసుకోండి. మనకు అది ఒక పని. మీవాడికి అది పది పన్నెండు పనులు. అంగీ ముందూ వెనకా చూడటం, ఒక చెయ్యి దూర్చడం, వీపు మీదుగా లాగడం, రెండో చెయ్యి, గుండీని వేళ్లతో పట్టడం, కాజాలోకి తోయడం, అవతలి నుంచి లాగడం. మొదటి నుంచి నేర్పితే వాడు రెండో మెట్టు దగ్గరే విసిగి అంగీ పారేస్తాడు. అందుకని చివరి నుంచి మొదలుపెట్టాలి. అంతా అమ్మే వేస్తుంది, ఆఖరి గుండీని కాజాలో సగం దాకా తోసి, మిగతా సగం వాణ్ణి లాగమంటుంది. లాగాడు. అంగీ వేసుకోవడం పూర్తయింది, పూర్తి చేసింది వాడు. చప్పట్లు కొట్టండి. పది రోజులకో నెలకో ఆ గుండీ మొత్తం వాడిది. తర్వాత పై గుండీ. స్నానమూ అంతే, ఆఖరి మగ్గు వాణ్ణి పోసుకోనివ్వాలి. అన్నమూ అంతే. దీనికి వేరే టైము తియ్యక్కర్లేదు, ఎలాగూ రోజూ వేసే అంగీయే కదా. హాస్టల్లో పది మందికి ఒక ఆయా ఉంటే, ఆమె ఒక్కొక్కడికి సగం గుండీ వదిలి నిలబడుతుందా? గబగబా పది అంగీలు వేసేస్తుంది.

తండ్రి: మా ఇంట్ల సుత గబగబనే ఏస్తం మేడం. ఆరున్నరకు ఆటో వస్తది, ముఠా ఎక్కాలె. ఆఖరి గుండీ కాడ వాడు ఆలోచిస్తుంటే ఆటో పోతది. మీరు చెప్పింది అబద్ధమని అంటలేను. ఇనంగ ఇనంగ నాకూ ఆశ పుడుతున్నది. కాని ఇది కూలి ఇంటి గడియారం కాదు.

(మధ్యలో, ఇది రాస్తున్న నా మాట ఒకటి. ఈ సంవాదంలో ఆ తల్లి ఎక్కడా మాట్లాడదు. గుండీ పెట్టేది ఆమె, శాతం కోసం ప్రశ్నలకు జవాబు చెప్పింది ఆమె, పదకొండు రోజులు గుడి చుట్టూ తిరిగి నిద్రపోయింది ఆమె. ఇద్దరూ ఆమె చేతులతోనే వాదిస్తున్నారు. పిలుద్దామంటే ఇప్పుడామె నాట్లలో ఉంది.)

టీచర్: గడియారం మాట ఒప్పుకుంటున్నా. ఉదయం కుదరకపోతే సాయంత్రం అంగీ విప్పేటప్పుడు నేర్పమంటాను, అంతకు మించి నా దగ్గర ఉపాయం లేదు. కానీ హాస్టల్ గురించి ఇంకో సంగతి. మీ ఊళ్లో వాడు రోడ్డు మీదికి వస్తే ఎవరి కొడుకో అందరికీ తెలుసు. కిరాణా కొట్టతను చెయ్యి పట్టుకుని ఇంటికి తెస్తాడు. హైదరాబాద్‌లో నాలుగేళ్లుండి వస్తే అక్కడి డైనింగ్ హాల్లో తినడం వస్తుంది, ఇక్కడ చెంబుతో నీళ్లు ముంచుకోవడం రాదు. నేర్చుకున్నది ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకురావడమే ఈ పిల్లలకు అన్నిటికన్నా కష్టం. ఎక్కడ బతకాలో అక్కడే నేర్పాలి.

తండ్రి: ఊరు ఎరికేనని మీరంటున్నరు. ఊరు వాణ్ణి ఏమని పిలుస్తదో మీకు ఎరికేనా? వాడి పేరు పెట్టి పిలిచేది ఇంట్ల నలుగురమే. పెద్దగైతే ఊరు వాడితోటి పని చేయించుకుంటది, బర్రెలు కాపిస్తది, బస్తాలు మోపిస్తది. అమాయకుడని కూలి మాత్రం చాయ్‌తోటి సరిపెడతది. అట్లాంటోళ్లను నేను మిల్లులల్ల చూసిన. ఊరు మంచిది, ఊరు చెడ్డది, రెండూ నిజమే.

టీచర్: బడి?

తండ్రి: బడి ముచ్చట మీరెత్తితిరి. పక్కబడిలనే చదివే హక్కున్నదని ఇంతకుముందు మీరే చెప్తిరి.

టీచర్: ఉంది. 2017 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్య అంది. ఇంటి దగ్గరి బడో, ప్రత్యేక బడో, ఎంచుకునేది మీరే.

తండ్రి: ఎంచుకోనికి రెండుండాలె కదా మేడం. మా ఊర్ల ఉన్నదే ఒక్క బడి. సార్లు మంచోళ్లే, కొట్టరు, తిట్టరు. ఆఖరి బెంచి మీద కూసోపెడతరు. గంట కొడితే వస్తడు. ఏడాదికో తరగతి పెరుగుతుండు. పేరు రాయ రాదు. హాజరు పట్టీల మాత్రం వాడి పేరు ప్రతి దినం ఉన్నది.

టీచర్: ఆ సార్లకు ఈ పిల్లలకు నేర్పే శిక్షణ లేదు. శిక్షణ ఉన్న మేము సరిపోము. ప్రైమరీలో పదిమందికి ఒక ప్రత్యేక టీచరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు ఉండాలని, 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2022లో కేంద్రం నిర్ణయించింది. నేను ఎన్ని బళ్లు తిరగాలో, మంచం దిగలేని ఎంతమంది ఇళ్లకు వెళ్లాలో చెబితే ఆ లెక్క మీకే తెలిసిపోతుంది. మాది కాంట్రాక్టు ఉద్యోగం, అదీ తెలుసు మీకు. అయినా ఆఖరి బెంచి మీద ఉన్నవాడికి పక్కన ఇంకో ముప్పై మంది పిల్లలున్నారు. వాళ్లలో ఒకడు పెద్దయ్యాక ఆ మిల్లు యజమాని అవుతాడు. వీడి పక్కన కూర్చున్నవాడు వీడికి చాయ్‌తో సరిపెట్టడానికి కొంచెమైనా వెనకాడతాడని నా నమ్మకం. రుజువు లేదు.

తండ్రి: నమ్మకం మీద మట్టపల్లికి పోతే మీకు కోపమొచ్చె.

టీచర్: (నవ్వు) అదీ నిజమే.

తండ్రి: ఇగ అసలు ముచ్చట. నాకు నలభై దాటినయి. హమాలీ నడుము ఇంకెన్నేండ్లు నిలుస్తదో తెల్వదు. మేం పోయినంక వీడికెవరు? ఆ ఒక్క భయానికే హాస్టల్ అంటున్న. వాడు మేం లేకుండ బతుకుడు ఇప్పుడే అలవాటు కావాలె. మా అమ్మ పెండ్లి చెయ్యిమంటది. "పెండ్లయితే కుదురుకుంటడు" అంటది.

టీచర్: పెళ్లి మందు కాదు. వాడికి సేవ చేయడానికి ఒక పేదింటి పిల్లను తెచ్చి పెట్టడమే అది. మీ అమ్మగారు తను పోతే ఎవరు చూస్తారన్న దిగులుతో అంటున్నారు, అర్థమవుతుంది. కానీ ఆ దిగులును ఇంకొకరి కూతురి నెత్తిన పెట్టకండి.

తండ్రి: నేను పెడతలేను. మొదటి నుంచి మా అమ్మ అన్నవన్నీ పడ్డది నా భార్య. మాది మేనరికం. "మీ దిక్కు రక్తం" అని అన్నరు. మరి నా మేనమామ బిడ్డ రక్తం నాది కాదా? ఆ మాట నేను అప్పుడనలె.

టీచర్: మేనరికంలో కొన్ని జబ్బులకు అవకాశం పెరుగుతుంది, అది నిజం. ఎక్కువమంది పిల్లలు బాగానే పుడతారు, అదీ నిజం. డౌన్ సిండ్రోమ్‌కు మేనరికంతో సంబంధమే లేదు, అది ఇరవై ఒకటో క్రోమోజోము ఒకటి ఎక్కువ రావడం. మీవాడిది పుట్టేటప్పుడు ఊపిరి అందకపోవడం అయ్యుండొచ్చు. అలాంటిదైతే ఏ రక్తం తప్పూ కాదు. మీ అమ్మగారికి చెప్పాల్సింది ఇప్పుడైనా మీరే, నేను కాదు. ఇక మీ తర్వాత ఎవరన్నదానికి: 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పద్దెనిమిది నిండాక చట్టబద్ధమైన సంరక్షకుణ్ణి నియమించుకోవచ్చు. కలెక్టరు అధ్యక్షతన జిల్లాలో కమిటీ ఉంటుంది.

తండ్రి: సంరక్షకుడని కాగితం మీద పేరు రాయొచ్చు. అన్నం పెట్టేది పేరు కాదు కదా.

టీచర్: కాదు. కానీ హాస్టల్ అంటే సురక్షితమని మీరెలా అనుకుంటున్నారు? 1994లో పుణే దగ్గర షిరూర్‌లోని ప్రభుత్వ గృహంలో ఉన్న బుద్ధిమాంద్యం ఆడవాళ్లకు గర్భసంచులు తీసేశారు. నెలసరప్పుడు శుభ్రం చేసుకోలేకపోతున్నారని కారణం చెప్పారు. దేశమంతా గొడవైంది. చండీగఢ్‌లో ప్రభుత్వ గృహంలోనే ఒకమ్మాయి మీద అత్యాచారం జరిగింది. 2009లో సుప్రీంకోర్టు దాకా వచ్చాకే, బిడ్డను కనాలా వద్దా అన్నది ఆ అమ్మాయి ఇష్టమని తేలింది. గోడలున్న చోట ఏం జరుగుతుందో మనకు కనిపించదు.

తండ్రి: మా బామ్మర్ది బిడ్డకు పదమూడేండ్లు. ఇద్దరూ పనికిపోతే ఇంట్ల ఒక్కతే ఉంటది, బయట గొళ్లెం పెట్టి పోతరు. ఆ పిల్లను సుత ఇంట్లనే ఉంచుమంటరా? ఇంటికి గోడలు లేవా?

టీచర్: ...

తండ్రి: చెప్పుండ్రి మేడం.

టీచర్: ఉంచమనలేను. ఆడపిల్లల మీద చెయ్యి వేసేది ఎక్కువగా తెలిసినవాళ్లే, మాటలు రాని పిల్ల అయితే ఎవరికీ చెప్పదని వాళ్లకు తెలుసు. గొళ్లెం ఆపేది తెలియనివాణ్ణే. మిర్యాలగూడలో పొద్దుట వదిలి సాయంత్రం తెచ్చుకునే చోటు ఒకటి ఉంటే నేను మీతో ఇంతసేపు వాదించను. ఇల్లా హాస్టలా అని మనం కొట్టుకుంటున్నాం గానీ మధ్యలో ఉండాల్సింది పగటి కేంద్రం. పనివేళలకు సరిపోయే కేంద్రం. మాది పదింటికి తెరుస్తారు, మీ ముఠా ఆరున్నరకు వెళుతుంది.

తండ్రి: అది వచ్చేదాంక?

టీచర్: వచ్చేదాకా ఏం చేయాలో నాకు తెలిసినది ఇల్లే. మీకు తోచినది హాస్టల్. మీ పెద్దమ్మాయి బడి మానడం మాత్రం ఆగాలి, అందుకు మీ దారి దగ్గర. అది ఒప్పుకుంటాను.

తండ్రి: అయితే లెటర్ రాస్తరా?

టీచర్: రాస్తాను. మీవాడు సైగ చేసి నీళ్లడుగుతాడని, రంగులు వేరు చేస్తాడని, చెబితే కూర్చుంటాడని, గుండీ సగం లాగుతాడని రాస్తాను.

తండ్రి: ఇన్ని వస్తయని రాస్తే సీటిస్తరా? ఏమీ రాదని రాయుండ్రి, జాలిపడతరు.

టీచర్: ఏమీ రాదంటే తీసుకోరన్నా. హాస్టల్ ఉన్న స్కూళ్లు చాలావరకు ముందు అడిగేది దొడ్డికి చెబుతాడా, తనంతట తాను తింటాడా అనే. అవి వచ్చినవాడికే సీటు.

తండ్రి: అంటే నేర్చుకునేటోడికే హాస్టల్. నేర్చుకునేటోడైతే ఇంట్లనే ఉంచుమని మీరంటరు. మరి ఏమీ నేర్వనోళ్లను ఎవరు తీస్కుంటరు?

టీచర్: వాళ్ల ఇళ్లకు నేను వారానికోసారి వెళుతున్నాను. మిగతా ఆరు రోజులు వాళ్ల అమ్మలే. కూర్చోండి, లెటర్ రాసిస్తాను. సర్టిఫికెట్ జిరాక్సు తెచ్చారా?